బోర్డు మీది గుడిసె చెరిపేయండి

మీకు బొమ్మలు వేయడం రాదు. డైట్‌లో చదివిన రోజుల్లో చార్టులు చేసి ఉంటారు, అంతే. అయినా వారానికోసారి టైంటేబుల్లో డ్రాయింగ్ అని కనబడుతుంది. ఎదురుగా ముప్పై మంది పిల్లలు. ఏం చేయిస్తారు?

చాలా బడుల్లో జరిగేది మీకు తెలుసు. టీచర్ బోర్డు మీద రెండు కొండలు గీస్తారు. వాటి మధ్య సగం సూర్యుడు. కొండల నడుమ నుంచి ఏరు, ఏటి ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. పిల్లలు దాన్ని చూసి దించుకుంటారు. భీమిలి ఒడ్డున పుట్టిన పిల్లా, ఆదిలాబాద్ అడవుల్లో పెరిగిన పిల్లవాడూ, కూకట్‌పల్లిలో ఎనిమిదో అంతస్తులో ఉండే పాపా అందరూ అదే గుడిసె వేస్తారు. ఆ గుడిసెలో వాళ్లెవరూ ఉండరు. ఆ ఏట్లో ఒక్కరూ ఈత కొట్టలేదు. తాము రోజూ చూసే సముద్రం, ఇప్పచెట్టు, లిఫ్టు మాత్రం కాగితం మీదికి రానే రావు.

ఈ అధ్యాయం పొడుగునా నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. పిల్లలకు బొమ్మ ఇవ్వకండి. చూడటానికి ఒక వస్తువు ఇవ్వండి, లేదా చెప్పడానికి ఒక సంగతి ఇవ్వండి. బొమ్మ వాళ్లే వేస్తారు.

మీకు గీయడం రాకపోవడం ఇక్కడ అడ్డంకి కానే కాదు. టీచర్ బోర్డు మీద చక్కని నెమలిని గీసి చూపిస్తే, తాము వేసేది ఎప్పటికీ అంత బాగుండదని పిల్లలు ఆ క్షణానే తేల్చేసుకుంటారు. కొందరు పెన్సిల్ కింద పెట్టేస్తారు. మీకు కావలసినవి ఓపికగా చూడగల కళ్లు, సరైన ప్రశ్న అడగగల నోరు. ఆ రెండూ మీ దగ్గర ఉన్నాయి.

మొదటి వారం: ఒక కాకరకాయ

ఎందుకు కాకరకాయ? మామిడికాయ అనగానే పిల్లల చేతిలో తయారుగా ఉన్న బొమ్మ ఒకటి వచ్చేస్తుంది. ముక్కు, తొడిమ, పక్కన రెండు ఆకులు. కాకరకాయకు అలా బట్టీపట్టిన బొమ్మ లేదు. దాన్ని చూసి తీరాలి. పైగా సంతలో చవక, ఒక కాయ ఇంకో కాయలా ఉండదు, కింద పడినా పగలదు.

1. ఇద్దరు పిల్లలకు ఒక కాయ చొప్పున ఇవ్వండి. మొదటి ఐదు నిమిషాలు పెన్సిల్ ముట్టుకోకూడదని చెప్పండి. ముందు వేళ్లతో తడమమనండి. కళ్లు మూసుకుని కూడా తడమమనండి. అప్పుడు అడగండి: బుడిపెలు వరుసగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా? పెద్ద గీరల మధ్య చిన్న బుడిపెలు ఉన్నాయా? కొస సన్నగా ఉందా, మొద్దుగా ఉందా? కాయ నిటారుగా ఉందా, ఎటు వంగింది? మీరు అడిగే ప్రతి ప్రశ్నా కాగితం మీద ఒక గీత అవుతుంది. అందుకే ఈ ఐదు నిమిషాలను తగ్గించకండి.

2. "కాయ కాగితం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉండాలి" అని చెప్పండి. ఈ మాట చెప్పకపోతే సగం మంది ఒక మూలన బొటనవేలంత కాయ వేసి "అయిపోయింది సార్" అంటారు. చిన్న కాగితం ఇస్తే చెయ్యి కూడా చిన్నగానే కదులుతుంది. పాత క్యాలెండర్ షీట్ల వెనక వైపు దీనికి ఎంతో బాగుంటుంది. ఒక్కో షీటును రెండు ముక్కలు చేయండి.

3. రబ్బర్లు, స్కేళ్లు బల్ల మీద ఒక డబ్బాలో వేయించండి. రబ్బరు చేతిలో ఉన్న పిల్లవాడు పీరియడ్ అంతా ఒకే గీత గీస్తూ, చెరుపుతూ, కాగితం చిరిగేదాకా ఉంటాడు. "గీత తప్పిందనిపిస్తే దాని పక్కనే ఇంకోటి గీయి" అని చెప్పండి. మొదటి రోజు గొణుగుతారు. రెండో వారానికి ఎవరూ రబ్బరు అడగరు.

4. పది నిమిషాలు మీరు మాట్లాడకండి. చేతులు వెనక్కి కట్టుకుని వరుసల మధ్య తిరగండి. చేతులు వెనక్కి కట్టుకోమనడానికి కారణం ఉంది. ముందుకు ఉంటే, తెలియకుండానే ఎవరో ఒకరి పెన్సిల్ అందుకుని గీత సరిచేస్తారు.

5. చివర్లో బొమ్మలన్నీ వరండాలో నేల మీద వరుసగా పరిపించండి. పిల్లలంతా చుట్టూ నిలబడతారు. ఇక్కడ మీరు అడిగే ప్రశ్న ముఖ్యం. "ఎవరిది బాగుంది?" అంటే ఒక్కరు గెలుస్తారు, మిగతా వాళ్లు తలదించుకుంటారు. "ఏ కాయ ముట్టుకుంటే గరుకుగా ఉంటుందనిపిస్తోంది?" అని అడగండి. "ఏది బాగా ముదిరిన కాయ?" "ఏ కాయ పాకుతున్నట్టుంది?" అని అడగండి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో బొమ్మ జవాబవుతుంది. బాగా గీయలేడని అందరూ అనుకునే పిల్లవాడి కాయే అన్నిటికంటే గరుకుగా ఉందని పిల్లలే చెప్తారు. మీరు చెప్పక్కర్లేదు.

మరుసటి వారం అదే కాయను అడ్డంగా కోసి చూపించండి. ఆ తర్వాత బెండకాయ కోయండి. లోపల గదులు లెక్కపెట్టించండి. అదే ముక్కను రంగులో అద్ది కాగితం మీద నొక్కితే పువ్వు పడుతుంది. రెండు కూరగాయలతో మూడు వారాలు గడుస్తాయి, పిల్లలకు విసుగు పుట్టదు.

అవి తప్పులు కావు

ఒకటో తరగతి పిల్ల అమ్మ బొమ్మ వేసింది అనుకోండి. అమ్మ ఇంటికంటే ఎత్తుగా ఉంది. చేతికి ఏడు వేళ్లున్నాయి. ఇంటి గోడ ఉన్నా లోపలి మంచం, గ్యాస్ పొయ్యి కనబడుతున్నాయి. ఆకాశం కాగితం పైన నీలం పట్టీలా ఉంది, భూమి కింద పచ్చ పట్టీ, మధ్యలో అంతా తెలుపు. మీరేం చేస్తారు? "అమ్మ ఇంటికంటే పెద్దగా ఉంటుందా?" అని నవ్వుతారా?

ఆ వయసు పిల్లలు కంటికి కనబడింది వేయరు, తెలిసింది వేస్తారు. ఇంట్లో మంచం ఉందని తెలుసు కాబట్టి మంచం వేశారు. అమ్మ అందరికంటే ముఖ్యం కాబట్టి అమ్మ పెద్దది. మన పూర్వపు చిత్రకారులు కూడా అదే చేశారు. లేపాక్షి ఆలయం పైకప్పు మీద వీరభద్రుడు భారీగా కనిపిస్తాడు. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరన్న సోదరులు ఆయన పాదాల దగ్గర చిన్నగా ఉంటారు. అక్కడికి వెళ్లిన ఎవరమూ కొలతలు తప్పాయని అనుకోం.

అందుకే ఆ పిల్లతో కొలతల గురించి మాట్లాడకండి. "అమ్మ ఏం చేస్తోంది?" అని అడగండి. "అన్నం వండుతోంది." "పొయ్యి మీద ఏముంది?" ఆ పిల్ల వెంటనే తిరిగి వెళ్లి గిన్నె వేస్తుంది, దాని మీద మూత, మూత పక్కనుంచి ఆవిరి. మీ ప్రశ్న బొమ్మను ముందుకు నడిపించింది.

ఇది ఎన్నాళ్లు? సుమారు నాలుగో తరగతి దాకా. ఆ వయసులో ఒక మార్పు వస్తుంది, అప్పుడు మీరు జాగ్రత్తగా ఉండాలి. నిన్నటి దాకా చకచకా వేసిన పిల్లవాడు ఇవాళ కాగితం నలిపేస్తాడు. "నిజం బస్సులా రాలేదు సార్" అంటాడు. చాలామంది బొమ్మలు మానేసేది ఇక్కడే. జీవితమంతా "నాకు డ్రాయింగ్ రాదు" అని చెప్పేవాళ్లలో ఎక్కువ మంది తొమ్మిది, పదేళ్ల వయసులో ఆగిపోయినవాళ్లే అని నా నమ్మకం.

నేర్పాల్సింది అప్పుడే, అడిగినప్పుడే. పిల్లలను రోడ్డు దగ్గరకు తీసుకెళ్లండి. కరెంటు స్తంభాల వరుస చూపించండి. ఒక కన్ను మూసి, చెయ్యి చాపి, బొటనవేలితో దగ్గరి స్తంభం కొలవమనండి. తర్వాత దూరపు స్తంభం. "అన్నీ ఒకే ఎత్తు స్తంభాలే కదా, మరి ఇదేంటి?" అని వాళ్లే ఆశ్చర్యపోతారు. ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, వెనకున్నవాడిలో ఎంత భాగం కనబడుతోందో అడగండి. ఆ రోజు బడికి తిరిగొచ్చాక వేసే బొమ్మల్లో స్తంభాలు చిన్నవి అవుతూ పోతాయి. పెద్ద పేర్లేమీ చెప్పనక్కర్లేదు.

"నాకు రాదు టీచర్"

ఈ మాట ప్రతి పీరియడ్‌లో వింటారు. దీనికి రెండు తప్పు జవాబులున్నాయి. ఒకటి "ఎందుకు రాదు, వేయి" అని గద్దించడం. రెండోది మంచి మనసుతో చేసేది, ఎక్కువ నష్టం చేసేది: పెన్సిల్ తీసుకుని ఆ పిల్లవాడి కాగితం మీద మీరే గీసివ్వడం. మీరు గీసిన గేదె తల పక్కన తను గీసిన గేదె కాళ్లు చూసుకుని వాడు ఇంకా కుంగిపోతాడు. అది ఇక వాడి బొమ్మ కాదు.

ఇలా మాట్లాడి చూడండి.

"గేదె వేయడం రాదు మేడమ్."

"మీ ఇంట్లో గేదె ఉందా నాన్నా?"

"ఉంది."

"దాని కొమ్ములు పైకి ఉంటాయా, వెనక్కి వంగి ఉంటాయా?"

"వెనక్కి. ఒకటి కొంచెం కిందికి ఉంటుంది."

"ఎలా? చేత్తో గాల్లో చూపించు."

పిల్లవాడు గాల్లో వంపు గీస్తాడు.

"ఆఁ, అదే వంపు కాగితం మీద పెట్టు. పాలు పితికేటప్పుడు అది ఎటు చూస్తుంది?"

అంతే. గాల్లో గీసిన చెయ్యి కాగితం మీద కూడా గీస్తుంది. నడిచే మనిషిని వేయడం రాదంటే ఒక పిల్లను ముందుకు పిలిచి, అడుగు వేస్తూ మధ్యలో ఆగమనండి. మోకాలు ఎక్కడ మడిచింది? ఏ చెయ్యి ముందుకొచ్చింది? తరగతిలో ఒక శరీరం ఎదురుగా ఉండగా బోర్డు మీద పుల్లల మనిషి ఎందుకు?

మెచ్చుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే. అందరికీ "వెరీ గుడ్" అంటూ పోతే మూడో వారానికి ఆ మాటకు విలువ ఉండదు. మీ కంటికి కనబడింది చెప్పండి. "కుక్క తోక దగ్గర గీతలు గట్టిగా నొక్కావు, అది కోపంగా ఉన్నట్టు తెలుస్తోంది." "వాన గీతలన్నీ ఒకే వైపు వంచావు, గాలి వీస్తోందా?" పిల్ల ముఖం చూడండి. టీచర్ నిజంగా చూశారని ఆమెకు తెలుస్తుంది.

"ఇదేంటి?" అని మాత్రం అడగకండి. చిన్న తరగతుల్లో అది పిల్లల చెవికి "ఏమీ తెలియడం లేదు" అని వినబడుతుంది. "దీని గురించి చెప్పమ్మా" అనండి. ఒకే బొమ్మలో పెళ్లి, వరద, మేకపిల్ల తప్పిపోవడం అన్నీ ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. రాయడం ఇంకా రాని పిల్లలు చెప్పిన ఆ వాక్యాన్ని మీరు బొమ్మ కింద రాసిపెట్టండి. చదవడం నేర్పడానికి అంతకంటే మంచి వాచకం దొరకదు.

రంగుల పెట్టె లేకపోతే?

బడికి వచ్చే నిధుల్లో రంగుల వంతు ఎంతో మీకు తెలుసు. అందరి ఇళ్లలోనూ క్రేయాన్లు కొనలేరు. కొన్నవాళ్లు డబ్బా తెరిస్తే కొననివాళ్లు పక్కకు చూస్తారు. కొన్నాళ్లు ఆ డబ్బాలు పక్కన పెట్టించండి. రంగులు అందరూ కలిసి తయారుచేయండి. పిల్లలు ఈ పని చేసినంత ఇష్టంగా ఇంకేదీ చేయరని మీరే చూస్తారు.

జాజు నుంచి ఎరుపు. అరుగులకు, గడపలకు పూసే ఆ ఎర్రమట్టే. పసుపు నుంచి పసుపు రంగు. పొయ్యి బొగ్గు నూరితే నలుపు. కాఫీ పొడిని కాసిని నీళ్లలో కలిపితే గోధుమ రంగు. బచ్చలి పళ్లు చిదిపితే ముదురు గులాబీ. చిక్కుడాకు కాగితం మీద నేరుగా రుద్దితే ఆకుపచ్చ. ఎర్ర మందార రేకు రుద్ది చూడండి, ఎరుపు రాదు, ఊదా వస్తుంది. పిల్లలు నమ్మరు, మళ్లీ మళ్లీ రుద్దుతారు. శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. అందులో నిమ్మకాయ పిండితే కళ్ల ముందే ఊదా, గులాబీ అవుతుంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. సున్నం మాత్రం మీరే కలపండి, పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లో పడితే ప్రమాదం.

పొడి రంగులు కాగితాన్ని అంటిపెట్టుకోవాలంటే జిగురు కావాలి. తుమ్మ జిగురు రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున వడకట్టి, కొద్దికొద్దిగా కలపండి. ఎక్కువైతే ఎండాక పెచ్చులు లేస్తాయి. తక్కువైతే రంగు చేతికి అంటుతుంది. ఎంత కలపాలో పిల్లలే ఒక అట్ట మీద చుక్కలు పెట్టి, ఎండబెట్టి, రుద్ది చూసి తేల్చనివ్వండి. కుంచె సంగతి? కొస నమిలిన వేపపుల్ల చాలు. ప్రతి ఒక్కరూ తమ వేపపుల్ల తాము నమిలి తెచ్చుకోవాలి, ఒకరిది ఒకరికి ఇవ్వకూడదు.

పూల రంగులు వెలిసిపోతాయి. అది ముందే చెప్పండి. సగం బొమ్మ అట్టతో కప్పి కిటికీలో ఎండ తగిలేలా పెట్టించండి. కొన్ని రోజులకు అట్ట తీసి చూస్తే ఏ రంగు నిలిచిందో, ఏది పోయిందో తెలుస్తుంది. జాజు అలాగే ఉంటుంది. పూల రంగు పాలిపోతుంది. ఎందుకని అడిగేవాళ్లు అడుగుతారు. అప్పుడు మట్టికీ పువ్వుకీ తేడా గురించి మాట్లాడవచ్చు.

ఐదో తరగతి వాళ్లకు ఇంకొకటి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు నలుపు రంగును తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో ఊరవేసి తయారుచేస్తారు. దాన్ని కసిమి అంటారు. ఊరడానికి మూడు వారాల దాకా పడుతుంది. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి ఎండబెట్టి, దాని మీద ఈ నీళ్లతో గీస్తే, గీత కళ్ల ముందే నల్లబడుతుంది. తుప్పు మేకులను మీరే కుండలో వేయండి. మూత తీసినప్పుడు వాసన వస్తుంది, పిల్లలు ముక్కు మూసుకుంటారు, అయినా రోజూ వచ్చి మూత తీయమని అడుగుతారు.

జాగ్రత్తలు రెండు, మూడు ఉన్నాయి. ఆకులు, పూలు కోసుకు రమ్మన్నప్పుడు గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ముట్టకూడదని గట్టిగా చెప్పండి. గన్నేరు చాలా బడుల ఆవరణలోనే ఉంటుంది. గన్నేరు, ఉమ్మెత్త విషం, జిల్లేడు పాలు కంటికి ప్రమాదం. మైదా జిగురు వండేటప్పుడు పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు, అదీ విషమే, పిల్లలు వాడే జిగురులో వేయకండి. ఏ రోజు జిగురు ఆ రోజే వండుకోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాకే మధ్యాహ్న భోజనానికి పంపండి.

ఐదు తరగతులు, ఒకే గది

ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నారా? ఒకటో తరగతి వాళ్లకు ఒక పని, ఐదో తరగతి వాళ్లకు ఒక పని ఎలా ఇవ్వాలని దిగులు పడుతున్నారా? బొమ్మల పీరియడ్‌లో ఈ కలగాపులగమే మీకు కలిసొస్తుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు పొడవాటి గుడ్డ మీద గడులు గడులుగా కథ వేస్తారు. కథ చెప్పేవాళ్లు దాన్ని విప్పుకుంటూ ఊళ్లలో పాడుకుంటూ వెళ్లేవారు. వాళ్ల పటాల్లో వెనక రంగు ఎక్కువగా ఎరుపు. గుడ్డకు పూసే పూతలో సుద్దమట్టి, చింతగింజల జిగురు ఉంటాయి. ఈ పద్ధతిని మీ గదిలోకి తెచ్చుకోండి. వాళ్ల బొమ్మల్ని కాపీ కొట్టించమనడం లేదు, వరుసగా కథ చెప్పే తీరును తీసుకోమంటున్నాను.

ముందు కథ ఎంచుకోండి. రామాయణం తర్వాత చూద్దాం. మీ ఊరి కథ తీసుకోండి. చెరువు నిండిన రోజు. బస్సు మొదటిసారి వచ్చిన రోజు. కోతుల గుంపు బడిలోకి దూరిన రోజు. ఐదో తరగతి వాళ్లు ఇళ్లకు వెళ్లి తాతయ్యలను, నాయనమ్మలను అడిగి వివరాలు తెస్తారు. కథను ఎన్ని గడులుగా విడగొట్టాలో నాలుగో తరగతి వాళ్లు తేలుస్తారు. క్యాలెండర్ షీట్లు అంచుకు అంచు అతికించి పొడవాటి పటం చేయడం మూడో తరగతి వాళ్ల పని. కొలవడం, మడవడం, గీత కొట్టడం అన్నీ లెక్కలే. రెండో తరగతి వాళ్లు చెట్లు, పశువులు, జనం వేరే కాగితాల మీద వేసి కత్తిరించి ఇస్తారు. ఒకటో తరగతి వాళ్లు వెనక రంగు పూస్తారు. జాజు నీళ్లు, గుడ్డ పీలికలు ఇచ్చి వదిలేయండి, వాళ్లకంటే శ్రద్ధగా ఎవరూ పూయరు.

ఇది ఒక పీరియడ్‌లో అయ్యేది కాదు. నెల పట్టవచ్చు. పట్టనివ్వండి. అయ్యాక ఇద్దరు పిల్లలు చెరో చివర పట్టుకుని విప్పుతుంటే ఇంకో ఇద్దరు కథ చెప్పాలి. బడి ముందు, ఊరివాళ్లు వచ్చే రోజున చెప్పించండి. నోరు విప్పని పిల్లలు తాము వేసిన గడి రాగానే వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడతారు.

చిన్న తరగతులకు మట్టి మర్చిపోకండి. పెన్సిల్ సరిగా పట్టుకోలేని వేళ్లకు ముందు మట్టి కావాలి. చెరువు మట్టి తెచ్చి రాళ్లు ఏరి, తడిపి, బాగా పిసికించండి. తడిగుడ్డలో చుట్టి ఉంచితే మరో వారానికీ పనికొస్తుంది. పిల్లల మట్టిబొమ్మలు ఎండాక విరిగిపోతాయని ఫిర్యాదు చేస్తారు. కారణం తెలిస్తే సులువే. కాళ్లు, తలలు ఊరికే అతికిస్తే ఊడిపోతాయి. అతికే చోట పుల్లతో గీకి, తడి మట్టి రాసి నొక్కాలి. మరీ మందంగా ఉన్న బొమ్మ బీటలిస్తుంది. ఎండలో కాక నీడలో ఆరనివ్వాలి. మీ ఊళ్లో కుమ్మరి ఉంటే పిలవండి, ఈ సంగతులు ఆయన మీకంటే, నాకంటే బాగా చెప్తారు. ఆయన్ని పిలిచినప్పుడు కుండ చేసి చూపించమని అడిగి ఊరుకోకండి. పిల్లల చేతికి ముద్ద ఇచ్చి, వాళ్లు పిసుకుతుంటే చూడమనండి. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్, పెడన, నిమ్మలకుంట దగ్గరలో ఉన్న బడులైతే అక్కడి కళాకారుల ఇంటికే పిల్లలను తీసుకెళ్లవచ్చు.

ముగ్గు కూడా మన చేతిలో ఉన్న పాఠమే. ఐదు చుక్కలు, ఐదు వరుసలు. ఆడపిల్లలు వెంటనే మొదలుపెడతారు. మగపిల్లలు "అది మా పని కాదు సార్" అంటారు. ఆ మాట అక్కడే ఆపండి. చుక్కల ముగ్గులో సగం గీసి మిగతా సగం పూర్తిచేయమంటే లెక్కల్లో చురుకైనవాడు కూడా తడబడతాడు. నేర్పేది ఆడపిల్లలే కావాలి. మగపిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

ఈ పనులు మానేయండి

1. పోటీలు. ఐదో తరగతి లోపు పిల్లలకు బొమ్మల్లో ఫస్ట్, సెకండ్ అవసరం లేదు. బహుమతి వచ్చిన బొమ్మనే మరుసటి ఏడాది అందరూ వేస్తారు.

2. గీత దాటకుండా రంగు నింపే పుస్తకాలు. చెయ్యి కుదురుతుందని కొందరు అంటారు. కాకరకాయ బుడిపెలు వేస్తే చెయ్యి అంతకంటే ఎక్కువ కుదురుతుంది.

3. "చర్మం రంగు" అని పేరు పెట్టిన లేత గులాబీ క్రేయాన్. మన తరగతిలో ఆ రంగు ఎవరిది? పిల్లలను తమ ముంజేతి పక్కన కాఫీ పొడి, జాజు, పసుపు కలిపిన రంగు పెట్టి చూసుకోమనండి. తమ రంగు తామే కలుపుకోవాలి. నల్లగా ఉన్నానని చిన్నబుచ్చుకునే పిల్ల ఆ రోజు తన రంగు కోసం మూడు, నాలుగు సార్లు కలుపుతుంది. ఆ సమయం ఆమెకు ఇవ్వండి.

4. తనిఖీ కోసం చార్టులు. అధికారులు వస్తారని పెద్దలు వేసిన చార్టులు గోడ నిండా అతికించి పిల్లల బొమ్మలు బీరువాలో దాచకండి. పిల్లల కంటి ఎత్తులో ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వాళ్ల బొమ్మలే తగిలించండి. అందరివీ తగిలించాలి. ఎవరిదీ మిగలకూడదు.

5. లెక్కలు పూర్తికాలేదని డ్రాయింగ్ పీరియడ్ తీసేసుకోవడం. వారానికి ఒక్కటే ఉంది. దాన్ని కాపాడండి.

బాగా గీసే పిల్ల ఉంటే

ప్రతి బడిలో ఒకరిద్దరుంటారు. మీరు ప్రోత్సాహం అనుకుని వాళ్లతో ఆగస్టు పదిహేనుకు జెండా, జూన్‌లో పర్యావరణ దినోత్సవానికి చెట్టు, ఇలా బడి అవసరాలన్నీ వేయిస్తారు. ఆ పిల్ల బడి పెయింటర్ అయిపోతుంది, తన బొమ్మలు వేయడం ఆగిపోతుంది. ఆ పిల్లకు అదనంగా కాగితాలు ఇవ్వండి, పనులు కాదు.

దామెర్ల రామారావు (1897–1925) రాజమండ్రిలో కుర్రవాడిగా బొమ్మలు వేస్తున్నప్పుడు అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గమనించారు. తానూ చిత్రకారుడైన ఆ ఆంగ్లేయుడు ఆ కుర్రవాడిని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపడానికి సాయపడ్డారు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయినా, ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఇవాళ్టికీ ఉన్నాయి. పిల్లలతో ఆ ఊరు వెళ్తే గోదావరి గట్టు చూపించాక అక్కడికి కూడా తీసుకెళ్లండి.

తల్లిదండ్రులు వస్తారు

"ఈ పిచ్చి గీతలేంటి సార్, చదువు చెప్పండి" అనే నాన్న ఒకరు తప్పకుండా వస్తారు. వాదించకండి. పిల్లవాణ్ని పక్కన నిలబెట్టి "మీ నాన్నకు చూపించు" అనండి. పిల్లవాడు తన చేను చూపిస్తాడు. బోరు ఎక్కడుందో, పాము ఎక్కడ కనబడిందో చెప్తాడు. తండ్రి మొదట ముఖం ముడుచుకుంటాడు. కాసేపటికి "బోరు అటు కాదురా, వేపచెట్టుకి ఇటు" అని వేలు పెడతాడు. ఇక మీరు మాట్లాడాల్సిన పని లేదు.

ఇది జరగాలంటే బొమ్మలు దాచి ఉండాలి. ప్రతి బొమ్మ వెనకా పేరు, తేదీ రాయించండి. పిల్లవాడికి ఒక అట్ట ఫైలు, లేదంటే రెండు పెద్ద అట్టముక్కలు పురికొసతో కట్టి చేసుకున్నా చాలు. రెండు నెలలకోసారి ఆ ఫైలు పిల్లవాడి ముందే తెరిచి, వరుసగా పరిచి, "ఏం మారింది?" అని అడగండి. వాడు చెప్పేది రాసుకోండి. మార్కుల రిజిస్టర్లో ఆ వివరం దొరకదు.

ఏప్రిల్ చివరి పనిదినాన ఫైళ్లు ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. జూన్‌లో వేసింది పైన, ఆఖరుగా వేసింది అడుగున ఉండేలా సర్ది ఇవ్వండి. ఇంటికెళ్లాక అమ్మో, అక్కో ఒక్కొక్కటి తీసి చూస్తారు. కథ పటం మాత్రం బడిలోనే ఉంచండి. జూన్‌లో కొత్తగా చేరే ఒకటో తరగతి వాళ్లకు మొదటి రోజు అది విప్పి చూపించడం ఐదో తరగతికి వచ్చిన పిల్లల బాధ్యత.